నోరు పలకలేనప్పుడు: ఢిల్లీ, పానిపట్, ఏఏసీ పరికరాల కథ

2001 జనవరిలో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చారు. కుతుబ్ మీనార్, జంతర్ మంతర్ వంటి కట్టడాలు చూడాలనుకున్నారు. వాటి దగ్గర చక్రాల కుర్చీ ఎక్కే దారి లేదు. వికలాంగుల హక్కుల కార్యకర్త జావెద్ అబీదీ గట్టిగా పట్టుబట్టాక పురావస్తు శాఖ అప్పటికప్పుడు చెక్క ర్యాంపులు వేసింది. ఆ పర్యటన తలచుకున్నప్పుడల్లా ఢిల్లీలో ఈ ర్యాంపుల ప్రస్తావన వస్తుంది. ఆయన వెంట వచ్చిన రెండో వసతి గురించి మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. అదే ఆయన గొంతు.

1985లో న్యుమోనియా సోకి, ప్రాణం నిలపడానికి గొంతుకు రంధ్రం చేయాల్సి రావడంతో హాకింగ్ మాట పూర్తిగా పోయింది. ఆ తర్వాత అమెరికాలోని వర్డ్స్ ప్లస్ సంస్థ రాసిన ‘ఈక్వలైజర్’ ప్రోగ్రాంతో, చేతిలోని ఒక్క మీటను నొక్కుతూ తెరమీద పదాలు ఎంచుకునేవారు. మొదట్లో నిమిషానికి 15 పదాల దాకా వచ్చేవి. చేతివేళ్లు కూడా లొంగిపోయి చెంప కండరంతో పనిచేయాల్సి వచ్చిన రోజుల్లో అది నిమిషానికి ఒక్క పదానికి పడిపోయింది. ఆ పదాలను పలికిన యంత్ర స్వరానికి ఆధారం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన డెనిస్ క్లాట్ సొంత గొంతు. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన మనిషికి అమెరికన్ యాస వచ్చిందేమిటని చాలామంది నవ్వుకున్నారు. మెరుగైన స్వరాలు వచ్చాక కూడా హాకింగ్ దాన్ని మార్చుకోలేదు. అప్పటికి అది ఆయన గొంతే అయిపోయింది.

ఇలాంటి పద్ధతులన్నిటినీ కలిపి ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్ అంటారు. వాడుకలో ఏఏసీ. ఉన్న కాస్త మాటకు తోడుగా నిలిచేది మొదటిది, మాట బొత్తిగా లేనప్పుడు దాని స్థానంలోకి వచ్చేది రెండోది. సైగ, కనుసైగ, తల ఊపడం, బొమ్మల కార్డు, అక్షరాల అట్ట, టాబ్లెట్‌లో నొక్కితే పలికే యాప్, కంటిపాప కదలికను పసిగట్టే కెమెరా... అన్నీ ఈ గొడుగు కిందివే. వీటి అవసరం ఉన్నవారూ ఒకే రకం కాదు. సెరిబ్రల్ పాల్సీతో నాలుక, పెదవులు వశంలో లేని పిల్లలు, మాట రాని ఆటిజం పిల్లలు, పక్షవాతం తర్వాత మనసులో ఉన్న పదం నోటికి అందక తడుముకునే అఫేజియా రోగులు, స్వరపేటిక క్యాన్సర్‌తో ఆ పేటికనే కోల్పోయినవారు, మోటార్ న్యూరాన్ వ్యాధి వచ్చినవారు. వీరిలో చాలామందికి తెలివి, వినికిడి చక్కగా ఉంటాయి. ఎదుటివాళ్లే వారికి రెండూ లేవనుకుని గట్టిగా అరిచి మాట్లాడుతుంటారు.

2011 జనాభా లెక్కల్లో దేశంలోని 2.68 కోట్ల మంది వికలాంగుల్లో 19.98 లక్షల మందిని మాట లోపం ఉన్నవారిగా నమోదు చేశారు. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడు నడక లోపం కిందకో, బహుళ వైకల్యం కిందకో వెళ్లిపోవచ్చు. పక్షవాతంతో మాట పడిపోయిన ముసలాయన్ని ఇంట్లోవాళ్లు ‘జబ్బు మనిషి’ అంటారు తప్ప వికలాంగుడు అనరు.

పానిపట్ కుర్రాడి ఊపిరి

జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమైన హరియాణాలోని పానిపట్ నుంచి 2014లో ఒక పేరు ప్రపంచ వార్తల్లోకి వచ్చింది. పదహారేళ్ల అర్ష్ షా దిల్బాగీ ‘టాక్’ అనే పరికరంతో ఆ ఏడాది గూగుల్ సైన్స్ ఫెయిర్ తుది పోటీదారుల్లో నిలిచాడు. ప్రజల ఓట్లతో ఇచ్చే బహుమతి కూడా అతనికే దక్కింది. ఆలోచన చాలా సులువైనది. ఒళ్లంతా కదలిక పోయినా చాలామందికి ఊపిరి కొంతవరకు వశంలో ఉంటుంది. ముక్కు లేదా నోటి దగ్గర పెట్టిన చిన్న మైక్రోఫోన్ ఆ ఊపిరిని గుర్తిస్తుంది. పొట్టి ఊపిరి ఒక చుక్క, పొడుగు ఊపిరి ఒక గీత. చుక్కలు, గీతలు కలిస్తే మోర్స్ కోడ్. దాన్ని చిన్న ప్రాసెసర్ అక్షరాలుగా మారిస్తే మరో భాగం పైకి చదువుతుంది. తయారీ ఖర్చు వంద డాలర్ల లోపే. కంటిచూపుతో నడిచే విదేశీ పరికరాలు లక్షల రూపాయలు పలుకుతున్న రోజుల్లో ఆ ధరే పెద్ద వార్త అయింది.

పత్రికలు ఆ కుర్రాడిని పొగిడాయి, పొగడదగిన పనే. కానీ ప్రయోగశాల నమూనాకూ, రోజూ పొద్దున్నే మంచం దగ్గర పనిచేయాల్సిన వస్తువుకూ మధ్య చాలా దూరం ఉంటుంది. మోర్స్ నేర్చుకోవడానికి నెలలు పట్టవచ్చు. రోగికి ఇంగ్లిష్ అక్షరక్రమం వచ్చి ఉండాలి. నిద్రలో వదిలిన ఊపిరినీ, చెప్పాలనుకుని వదిలిన ఊపిరినీ యంత్రం వేరుచేయగలగాలి. పాడైతే బాగుచేసే మనిషి పట్టణంలో ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ సైన్స్ ఫెయిర్ మార్కుల్లోకి రాదు.

ఈ దూరం దాటిన ఉదాహరణ కూడా ఢిల్లీలోనే ఉంది, కాకపోతే అది చూపు లేనివారి కోసం. ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ ఆధ్వర్యంలోని అసిస్టెక్ బృందం మామూలు తెల్లకర్రకు అల్ట్రాసోనిక్ సెన్సర్ అమర్చి, మోకాలి పైఎత్తులో ఎదురయ్యే అడ్డంకిని ప్రకంపనంతో తెలిపే ‘స్మార్ట్‌కేన్’ తయారుచేసింది. 2014లో అది మార్కెట్లోకి వచ్చింది. విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై అక్కడిదాకా రావడానికి దాదాపు దశాబ్దం పట్టింది. తయారీకి ఒక కంపెనీ, చూపులేనివారి మధ్య పరీక్షలకూ శిక్షణకూ సక్షమ్ ట్రస్టు కలిస్తేనే అది సాధ్యమైంది. మాట లోపానికి ఇలాంటి ఏర్పాటు ఇంకా కష్టం. తెల్లకర్ర ఎవరికైనా ఒకటే. మాట్లాడే పరికరం మాత్రం మనిషి మనిషికీ, భాష భాషకూ మారాలి.

మన దేశంలో ఆ పనికి పూనుకున్నది చెన్నై. ఐఐటీ మద్రాసులో చదివిన అజిత్ నారాయణన్ అక్కడి విద్యాసాగర్ అనే ప్రత్యేక పాఠశాల పిల్లలు, థెరపిస్టులతో కలిసి ‘అవాజ్’ను రూపొందించారు. మొదట విడి పరికరంగా, తర్వాత టాబ్లెట్ యాప్‌గా వచ్చింది. 2011లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ యువ ఆవిష్కర్తల జాబితాలో అజిత్ పేరు చేరింది. టాబ్లెట్ రాక ఈ రంగంలో రెండు రకాలుగా మేలు చేసింది. ధర తగ్గింది. రెండోది, అందరి చేతిలో ఉండే వస్తువే కాబట్టి పిల్లవాడు ‘ప్రత్యేకం’గా కనబడడు. రెండో లాభాన్ని ఇంజనీర్ల కన్నా తల్లులు ముందు గ్రహించారు.

‘నేను కావాలి నీళ్లు’

ఢిల్లీలో స్థిరపడ్డ ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంట్లో అమ్మానాన్నలు, తాతయ్య తెలుగు మాట్లాడతారు. వీధిలో, ఆటస్థలంలో హిందీ. బడిలో, థెరపీ గదిలో ఇంగ్లిష్. అయిదేళ్ల పిల్లకు మాట రాలేదు, టాబ్లెట్ ఇచ్చారు. అది ఏ భాషలో పలకాలి?

చాలాచోట్ల వినిపించే సలహా ‘ఒక్క భాషే పెట్టండి, పిల్ల తికమకపడుతుంది’ అని. ఆ ఒక్కటీ ఇంగ్లిషో హిందీయో అవుతుంది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష వెనకబడుతుందని పరిశోధనలు తేల్చలేదు. ఇంటి భాష తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం పరిశోధన అక్కర్లేదు. తాతయ్యకు, మనవరాలికి మధ్య ఉన్న ఒకే తోవ మూసుకుపోతుంది.

తెలుగు పెట్టాలనుకున్నా పని అంత తేలిక కాదు. బొమ్మల బోర్డుల నిర్మాణం ఎక్కువగా ఇంగ్లిష్ వాక్యం మీద ఆధారపడింది. ‘నేను’, ‘కావాలి’, ‘నీళ్లు’ అని మూడు బొమ్మలు వరసగా నొక్కితే ఇంగ్లిష్‌లో సరైన వాక్యమే వస్తుంది. తెలుగులో ‘నేను కావాలి నీళ్లు’ అని పలుకుతుంది. ‘నేను కావాలి’ అంటే అర్థమే వేరు. దాహం, ఆకలి, భయం, నొప్పి, ఇష్టం అన్నీ తెలుగులో ‘నాకు’తో మొదలవుతాయి. పసిబిడ్డ మొదట చెప్పాల్సిన మాటలు సరిగ్గా ఇవే. కాబట్టి తెలుగు బోర్డు మొదటి గడిలో ‘నేను’ కన్నా ‘నాకు’ ఉండడం న్యాయం.

ఇంగ్లిష్ బోర్డులో ‘నో’ అని ఒక గడి ఉంటుంది. తెలుగులో అది మూడు ముక్కలవుతుంది. అన్నం పెడుతుంటే ‘వద్దు’, డబ్బాలో బిస్కెట్ అయిపోతే ‘లేదు’, ఎర్ర చొక్కా తీసి ఇదేనా అంటే ‘కాదు’. మూడూ రెండేళ్ల పిల్లలు సునాయాసంగా వాడతారు. ఒక్క గడితో సరిపెడితే పిల్ల తిండి వద్దంటోందో, అయిపోయిందంటోందో తల్లి ఊహించుకోవాల్సిందే. క్రియల చివర ‘డు’, ‘ది’, ‘రు’ మారడం, నాన్నను ‘నువ్వు’ అనే ఇంట్లో కూడా తాతయ్యను ‘మీరు’ అనడం, ఇవన్నీ యాప్ తయారుచేసేవారు ముందే ఆలోచించాలి. బొమ్మ కింద ఉన్న ఇంగ్లిష్ మాటను తెలుగు మాటతో మార్చినంత మాత్రాన అది తెలుగు బోర్డు కాదు.

అక్షరాలతో రాసేవారికి ఇంకో చిక్కు. ‘నీళ్లు’ అని రాయాలంటే కంప్యూటర్ లెక్కలో న, గుడిదీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము అని ఆరు ఎంపికలు. వేళ్లతో టైప్ చేసేవారికి ఇది విషయమే కాదు. తెరమీద వెలుగు ఒక్కో గడి దాటుకుంటూ వస్తుంటే తన వంతు వచ్చేదాకా ఆగి మీట నొక్కే మనిషికి ఒక్కో ఎంపికా కొన్ని సెకన్లు. మామూలు సంభాషణ నిమిషానికి దాదాపు 150 పదాల వేగంతో సాగుతుంది. ఏఏసీ వాడేవారిలో చాలామంది నిమిషానికి పదిహేను దాటలేరు. మొదటి అక్షరంతోనే పదాన్ని ఊహించి చూపే సదుపాయం ఇక్కడ ప్రాణాధారం. పదం చివర ప్రత్యయాలు అతుక్కుంటూ పోయే తెలుగులో అలా ఊహించడం ఇంగ్లిష్‌లో కన్నా కష్టం.

రాసినదాన్ని పలికే స్వరాల విషయంలో మాత్రం పరిస్థితి మెరుగుపడింది. ఐఐటీ మద్రాసు నాయకత్వంలో పలు విద్యాసంస్థలు కలిసి తెలుగు సహా భారతీయ భాషలకు పాఠాన్ని మాటగా మార్చే వ్యవస్థలు తయారుచేశాయి. 2022లో కేంద్రం ‘భాషిణి’ వేదికను ప్రారంభించింది. అయితే ఇలాంటి స్వరాల్లో ఎక్కువ భాగం వార్తలు చదివే పెద్దవాళ్ల గొంతులు. ఏడేళ్ల పాప అమ్మను బొమ్మ అడుగుతుంటే ఆకాశవాణి వార్తలు వినిపిస్తున్నట్టు ఉంటుంది.

అసలు మాట ఆగిపోతుందా

టాబ్లెట్ ఇద్దామని థెరపిస్టు అనగానే తల్లిదండ్రులు మొదట అడిగేది ఖరీదు కాదు. ‘ఇది అలవాటైతే ఇక నోటితో మాట్లాడడేమో’ అని. ఆ భయంతో రెండేళ్లు, మూడేళ్లు ఆగేవారున్నారు. దీనికి కాస్త గట్టి జవాబే ఉంది. మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడపట్టారు. పద్ధతి ప్రకారం నమ్మదగినవిగా 27 కేసులు మిగిలాయి. వాటిలో ఏఏసీ మొదలుపెట్టాక నోటిమాట తగ్గినవారు ఒక్కరూ లేరు. 89 శాతం మందిలో మాట పెరిగింది, ఎక్కువమందిలో కొద్దిగానే. మిగిలిన 11 శాతంలో మార్పు లేదు. యంత్రం ఇస్తే మాట వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మనక్కర్లేదు. ఉన్న మాట పోతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

ఢిల్లీలో ఈ సంభాషణ దశాబ్దాలుగా జరుగుతున్న చోట్లున్నాయి. హౌజ్ ఖాస్‌లోని ఆదీ 1978లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ నార్తర్న్ ఇండియాగా మొదలైంది. మెర్రీ బారువా 1991లో ఆరంభించిన యాక్షన్ ఫర్ ఆటిజం జసోలాలో పనిచేస్తోంది. సాధారణ ప్రేక్షకులకు ఈ ప్రపంచం కొంత తెలిసింది షొనాలీ బోస్ తీసిన ‘మార్గరిటా విత్ ఎ స్ట్రా’ సినిమాతో. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఢిల్లీ కాలేజీ అమ్మాయి అందులో నాయిక. ఆ పాత్రకు ప్రేరణ దర్శకురాలి బంధువు మాలిని చిబ్. ఆమె ఒక్క వేలితో టైప్ చేస్తూ తన ఆత్మకథను రాశారు.

ఆ మాట ఎవరిది?

పరికరం పలికిన మాట నిజంగా ఆ మనిషిదేనా అన్నది ఈ రంగంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న. 1990లలో అమెరికాలో ‘ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్’ పేరుతో ఒక పద్ధతి వ్యాపించింది. సహాయకుడు చేయి పట్టుకుంటే మాట రాని ఆటిజం వ్యక్తి కీబోర్డు మీద పెద్ద పెద్ద వాక్యాలు రాసేవాడు. సహాయకుడికి ఒక బొమ్మ, ఆ వ్యక్తికి మరో బొమ్మ చూపి పరీక్షిస్తే సహాయకుడు చూసినదే అక్షరాల్లోకి వచ్చింది. సహాయకులు మోసగాళ్లు కారు, తమ చేయి నడుపుతోందని వారికే తెలియదు. భారతీయ తల్లి సోమా ముఖోపాధ్యాయ్ తన కుమారుడి కోసం రూపొందించి అమెరికాలో ప్రచారంలోకి తెచ్చిన ర్యాపిడ్ ప్రాంప్టింగ్ పద్ధతికీ తగిన ఆధారాలు లేవని అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2018లో ప్రకటించింది. ఆ కుటుంబాలకు ఇది మింగుడుపడని మాట.

ఇదే ప్రశ్న ఢిల్లీలో అత్యంత విషాదకరమైన సందర్భంలో కోర్టు ముందుకు వచ్చింది. 2012 డిసెంబర్ 16 రాత్రి కదులుతున్న బస్సులో సామూహిక అత్యాచారానికి గురైన యువతి సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో ఉండగా, డిసెంబర్ 25న మేజిస్ట్రేట్ ఆమె వాంగ్మూలం తీసుకున్నారు. గొంతులో గొట్టం ఉండడంతో ఆమె మాట్లాడలేరు. ప్రశ్నలకు సైగలతో బదులిచ్చారు, కొన్ని జవాబులు తన చేత్తో రాశారు. అలాంటి వాంగ్మూలాన్ని నమ్మవచ్చా అని నిందితుల తరఫు న్యాయవాదులు సవాలు చేశారు. సైగలతో ఇచ్చినదైనా మరణ వాంగ్మూలం చెల్లుతుందని 2017 మే 5 నాటి తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీనికి పాత మూలం ఉంది. గొంతు కోయబడిన ఒక అమ్మాయి ప్రశ్నలకు చేతి సైగలతో ఇచ్చిన జవాబులను అలహాబాద్ హైకోర్టు 1885లోనే సాక్ష్యంగా అంగీకరించింది.

ఢిల్లీ ఘటన తర్వాత 2013లో చట్టాలను సవరించినప్పుడు సాక్ష్య చట్టం 119వ సెక్షన్‌నూ మార్చారు. అంతకుముందు అక్కడ ‘మూగ సాక్షి’ అని ఉండేది. దాని స్థానంలో ‘మాటలతో చెప్పలేని సాక్షి’ వచ్చాడు. దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుడి సాయం తీసుకోవాలి, వాంగ్మూలాన్ని వీడియో తీయాలి అని చేర్చారు. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 125వ సెక్షన్. వీడియో షరతు వెనక ఉన్న భయం పైన చెప్పిన చేయి పట్టుకునే పద్ధతి విషయంలో ఉన్న భయమే. జవాబు సాక్షిదా, సాయం చేస్తున్నవాడిదా అన్నది తర్వాత చూసేవారికి తెలియాలి.

చట్టంలో ఉంది, ఉద్యోగంలో లేదు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ‘కమ్యూనికేషన్’కు ఇచ్చిన నిర్వచనంలో ఆగ్మెంటేటివ్, ఆల్టర్నేటివ్ పద్ధతులను పేరుపెట్టి చేర్చింది. గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం ఒకటి. స్వరపేటిక తొలగింపు, అఫేజియా వంటి కారణాలతో శాశ్వతంగా మాట దెబ్బతినడం అని వివరణ. ఇంతవరకు బాగుంది. అదే చట్టంలో ప్రభుత్వోద్యోగాల 4 శాతం రిజర్వేషన్ గురించి చెప్పే 34వ సెక్షన్ తెరిస్తే చూపు, వినికిడి, కదలిక లోపాలు, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివి కనిపిస్తాయి. మాట, భాష వైకల్యం ఒక్కటే ఉన్నవారి పేరు లేదు. వినబడుతుంది, నడవగలరు, చదవగలరు, కాబట్టి సాయం అక్కర్లేదనుకున్నారేమో. ఇంటర్వ్యూ గదిలో కూర్చోబెట్టి చూస్తే ఆ ఊహ ఎంతసేపు నిలుస్తుందో తెలిసేది.

సైగల భాష వైపు కొంత పని జరిగింది. 2015లో ఏర్పడిన భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలోనే ఉంది. 2018లో 3,000 పదాలతో వచ్చిన దాని నిఘంటువు 2021కి 10,000 పదాలకు చేరింది. అయితే సంకేత భాషకు చేతివేళ్లు లొంగాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లకు, మెడ కింద కదలిక లేని రోగికి అది అందదు. తెలుగు రాష్ట్రాల్లో సలహా కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలు ఉన్నాయి. మేధో వైకల్యాల జాతీయ సంస్థ ప్రధాన కేంద్రం, వాక్ శ్రవణ వైకల్యాల అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం రెండూ అక్కడివే.

మెదడు సంకేతాలనే మాటలుగా మార్చే ప్రయోగాలు అమెరికాలో చాలా ముందుకు పోయాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం నిమిషానికి 62 పదాలు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో బృందం 78 పదాలు రాబట్టాయి. పుర్రె తెరిచి ఎలక్ట్రోడ్లు అమర్చాల్సిన వ్యవహారం అది. ఐసీయూలో ఇవాళ గొట్టం వేసుకుని పడుకున్న మనిషికి పనికొచ్చేది కాగితమే.

ఫ్రెంచ్ పాత్రికేయుడు జాన్ డొమినిక్ బోబీ పక్షవాతంతో ఒళ్లంతా బిగుసుకుపోయాక ఎడమ కంటిరెప్ప ఒక్కటే ఆడించి పుస్తకం చెప్పి రాయించారు. ఎదుటి మనిషి అక్షరాలు ఒక్కొక్కటీ చదువుతుంటే కావలసినదాని దగ్గర రెప్ప వేసేవారు. ఫ్రెంచ్ అక్షరాలను వాడుక ఎక్కువున్న క్రమంలో పేర్చిన పట్టిక అందుకు అవసరమైంది. తెలుగులో ఆ పట్టిక చాలావరకు మన నోట్లోనే ఉంది. క నుంచి మ దాకా ఐదు వరుసలు, వరుసకు ఐదు అక్షరాలు. ఒకటో తరగతి చదివిన ఎవరైనా చార్టు లేకుండా అడగగలరు. అచ్చా, హల్లా? హల్లు. క వరుసా, చ వరుసా, ట వరుసా, త వరుసా? రెప్ప పడింది. త, థ, ద, ధ, న? రెప్ప పడింది. న, నా, ని, నీ? రెప్ప పడింది. ఇక తర్వాతి అక్షరం దాకా పోనక్కర్లేదు, మంచం పక్కనున్న మనిషి అడుగుతుంది: ‘నీళ్లా?’